తొమ్మిదో పోగు

అమ్మ పోయి ఏడాది నిండిన రోజున, ఆమె పటం ముందు వేసిన ఆకులో పొట్టేలు కూర నేనే వడ్డించాను. బంధువుల్లో ఇద్దరు తినకుండానే లేచి వెళ్లిపోయారు. తమ్ముడు ఆ సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

వారం ముందే వాడు చెప్పాడు. "అక్కా, ఈసారి పెద్దపెద్దోళ్లు వస్తాండారు. ఇప్పుడు ఎవరూ కార్యాల్లో మాంసం పెట్టడం ల్యా. పప్పు, ఓళిగలు, రెండు కూరలు. అంతే చాలు." కార్యానికి ముందురోజు పొద్దున కడపలో మాంసం కొనడానికి పోయాను.

అద్దాల తలుపు, లోపల చలి, తెల్లకోటు వేసుకున్న మనిషి. మాంసం వాసనే లేదు. ఒక్కో భాగానికి ఒక్కో ప్యాకెట్టు కట్టి అరల్లో పేర్చి ఉంది.

"అన్నిట్లో కొంచెం కొంచెం కావాలప్పా. తొడ, పక్కటెముకలు, మెడ, కార్జం, కాస్త కొవ్వు."

"అట్ల కలిపి రాదు మేడం. దేని ప్యాకెట్టు దానిదే."

"పొట్టేలుకు అన్నీ కలిపే ఉంటాయి కదా?"

అతను నవ్వాడు. "పొట్టేలును నేనెప్పుడు చూసినాను మేడం? ఈడికి డబ్బాల్లో వస్తాది."

ఐదు ప్యాకెట్లు కొని, ఇంటికి తెచ్చి, అన్నీ ఒకే గిన్నెలో కుమ్మరించి చేత్తో కలిపాను. తమ్ముడు వంటింటి గుమ్మంలో నిలబడి చూశాడు. "ఈ మొండితనం నీకు యాడ నుంచి వచ్చిందక్కా?" అన్నాడు. అది అమ్మ దగ్గర నుంచి వచ్చింది. ఆ సంగతి జరిగేటప్పటికి వాడు ఆమె చంకలో ఉన్నాడు, వాడికి తెలియదు. తెలియని వాళ్లకు చెప్పాలి కాబట్టి రాస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మా ఊరు పెన్నకు ఇవతల, జమ్మలమడుగుకు పోయే దారిలో. ఊరి చివర, రోడ్డు వారగా సాయిబు మామ అంగడి ఉండేది. పిల్లలందరం ఆయన్ను మామ అనేవాళ్లం. అమ్మ వయసు వాళ్లు సాయిబన్న అనేవాళ్లు. బోదగడ్డి కప్పు, ముందు ఒక పెద్ద కడప బండ, దాని పక్కన చింతమొద్దు. కత్తి దెబ్బలకు ఆ మొద్దు నడుమ పళ్లెంలా గుంట పడింది. రోజూ పని అయిపోయాక మామ దాని మీద ఉప్పు చల్లి గీకేవాడు. అంగడి వెనక ఆయన భార్య బూబమ్మ కూర్చుని తలకాయలూ కాళ్లూ నిప్పుల మీద కాల్చేది. వెంట్రుకలు కాలే వాసన, పసుపు వాసన, ఎండిన చెరుకుపిప్పి పొగ. ఆ వాసన సోకితే ఆదివారమని కళ్లు తెరవకుండానే తెలిసేది.

పొద్దున్నే బూబమ్మ దగ్గర కాళ్ల చారు దొరికేది. గిన్నె తీసుకుపోతే పోసేది. కప్పు కింద తాళ్ల మీద ఉప్పూ పసుపూ పట్టించిన ఎండు తునకలు వేలాడేవి. దూరపు ఊర్లకు పోయేవాళ్లు వాటిని అడిగి మరీ కట్టించుకునేవాళ్లు. ఆడవాళ్లు కాళ్లకో, ఎండు తునకలకో వెనక వైపు నుంచి వచ్చి పోయేవాళ్లు. ముందు బండ దగ్గరికి రారు. అది మగవాళ్ల చోటు.

తక్కెడ ఉండేది కానీ అది దారిన పోయేవాళ్లకు. మా కాపు ఇళ్లు తొమ్మిదింటికి ఆదివారం ఒక పొట్టేలు కలిసి కోయించుకోవడం వాడుక. మామ దాన్ని కోసి, బండ కడిగి, దాని మీద తొమ్మిది పోగులు వేసేవాడు. ప్రతి పోగులోనూ కాస్త తొడ, కాస్త మెడ, రెండు పక్కటెముకలు, ఒక కార్జం ముక్క, వేలెడు కొవ్వు. తూచడం లేదు. చూపే తూకం. వేసిన తర్వాత లేచి నాలుగడుగులు వెనక్కి పోయి, కళ్లు చికిలించి చూసి, ఒక పోగులోంచి ఎముక తీసి ఇంకో పోగులో వేసేవాడు. మళ్లీ వెనక్కి పోయేవాడు.

"ఏందప్పా సాయిబూ, పెళ్లికూతుర్ని చూసినట్టు చూస్తాండావే" అని ఎవరో ఒకరు అనేవాళ్లు.

"పెళ్లికూతుర్నయితే ఒకసారి చూస్తే సాలు. మిమ్మల్ని నమ్మేకి లేదు" అనేవాడు మామ.

పోగులు వేశాక ఏది ఎవరికి అనేది ఒక పిల్ల తేల్చాలి. బండకు వీపు పెట్టి రోడ్డు వైపు తిరిగి నిలబడాలి. వెనక మామ ఒక పోగు మీద కత్తి ఆనించి "ఇదెవరికి?" అంటాడు. పిల్ల తొమ్మిది పేర్లలో ఒకటి పిలవాలి. ఆ పోగు ఆ ఇంటిది. పిలిచిన పోగు మారదు. చిన్నదైందని గొణగకూడదు, ఇంకొకరితో మార్చుకోకూడదు. పేర్లన్నీ ఇంటి యజమానులవి, అంటే మగవాళ్లవి.

ఆ పిల్లను నేను. మా నాన్న చెయ్యి పట్టుకుని వచ్చేదాన్ని కాబట్టి ఆ పని నాకు వచ్చింది. కూలి కూడా ఉండేది. అందరూ పోయాక మామ ఒక కార్జం ముక్కకు ఉప్పు రాసి బూబమ్మ నిప్పుల్లో వేసేవాడు. పైన నల్లగా, లోపల మెత్తగా ఉండేది. నోరు కాలుతుంటే ఊదుకుంటూ తినేదాన్ని. ఆ కూలి కోసం కొన్నిసార్లు కావాలనే ఆలస్యం చేసేదాన్ని. "ఇదెవరికి?" అని మామ అడిగితే ఆకాశం చూస్తూ నిలబడేదాన్ని. పెద్ద మగవాళ్లు తొమ్మిది మంది నా నోటి కోసం కాచుకుని ఉండడం బాగుండేది.

"పిలువు తల్లీ, అన్నం పొద్దు అయితాంది" అని మా నాన్నే బతిమాలేవాడు.

నాన్న ఒక ఎండాకాలం నాలుగు రోజుల జ్వరంతో పోయాడు. దాని గురించి ఇంతకంటే రాయను.

దినాలు అయిన తర్వాత వచ్చిన ఆదివారం అమ్మ నన్ను అంగడికి పంపింది. చేతికి గిన్నె ఇచ్చింది. నేను పోయేసరికి బండ మీద ఎనిమిది పోగులున్నాయి. రెండుసార్లు లెక్కపెట్టాను.

మా పెద్దనాయన, నాన్నకు అన్న, నా తల నిమిరాడు. "మీ ఇంటికి పోగెందుకమ్మా? మొగదిక్కు లేని ఇల్లు. అమ్మా నువ్వూ ఎంత తింటారు? మా ఇంట్లో వండి ఒక గిన్నె పంపిస్తాంలే." ఆ మాట మంచిగానే అన్నాడు. మిగతా వాళ్లు తలలూపారు. మామ మాత్రం కత్తి నూరుకుంటూ ఉన్నాడు. నేను వీపు తిప్పి నిలబడి ఎనిమిది పేర్లు పిలిచాను. ఖాళీ గిన్నెతో ఇంటికి వచ్చాను.

మధ్యాహ్నం పెద్దనాయన ఇంటి నుంచి గిన్నె వచ్చింది. నీళ్ల చారు, మెడ ఎముకలు రెండు, పిడికెడు కొవ్వు. అమ్మ నాకు పెట్టింది, తాను ముట్టలేదు. గిన్నె కడిగి, ఉత్తది పంపకూడదని గుప్పెడు చెనిక్కాయలు వేసి పంపింది. అట్లా ఐదు ఆదివారాలు జరిగింది. అమ్మ ఆ ఐదు వారాలూ చేను చూసుకుంది. నాన్న వదిలిపోయిన కాడిని పాలేరుతో కట్టించి, విత్తనం వేయించి, కూలోళ్లను గట్టు మీద నుంచి కేకేసి పనిచేయించింది. అప్పుడు మాత్రం మొగదిక్కు గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఆరో ఆదివారం. నేను రోడ్డు వైపు తిరిగి నిలబడి ఉన్నాను. మామ ఇంకా పోగులు సవరిస్తున్నాడు. వెనక మగవాళ్లు మాట్లాడుకుంటున్నారు. ఎవరో అడిగారు, "తమ్ముడి ఇంటికి నువ్వే పెడుతాండావంట కదప్పా?"

"పెట్టేదేముంది, మేం తినంగా మిగిలింది పంపిస్తాండాం" అన్నాడు పెద్దనాయన. ఎవరో నవ్వారు.

అందులో పగ లేదు. మాటవరసకు అన్నాడు. అయినా తేడా ఏమీ లేదు. నేను అక్కడే ఉన్నాను. వీపు తిప్పి నిలబడ్డ పిల్లకు చెవులుండవని ఆయన అనుకున్నాడు.

మామ కత్తి బండకు తగిలిన చప్పుడు వినిపించింది. "ఇదెవరికి?"

"మా అమ్మకు" అన్నాను.

పెద్దనాయన, "ఏందే? మళ్లా పిలువు" అన్నాడు.

"పిలిచింది కదప్పా" అన్నాడు మామ.

"మీ అమ్మ పోగుల్లో ల్యా. పిల్ల తెలీక అనింది. మళ్లా పిలిపించు."

"పిలిచిన పోగు మారేది మా నాయన కాలంలో ల్యా, నా కాలంలో ల్యా." మామ ఆ పోగును మోదుగాకుల్లో కట్టి పక్కన పెట్టాడు. "ఇదెవరికి?"

మిగిలిన ఏడు పోగులకు ఏడు పేర్లు పిలిచాను. ఎనిమిదో పేరుకు పోగు లేదు. ఆ పేరు పెద్దనాయనది. ఎవరిని వదలాలో నాకు తెలుసు. పొరపాటున జరిగిందని అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

ఆకుల పొట్లం ఎత్తుకుని పరిగెత్తాను. అమ్మ వాకిట్లో కూర్చుని విత్తనం కాయలు ఒలుస్తోంది. తమ్ముడు పొట్టు గుప్పిట పట్టి నోట్లో పెట్టుకుంటున్నాడు. జరిగింది చెప్పాను. కొడుతుందనుకున్నాను.

"ఆయప్ప ఏమన్నాడు? అన్నది అన్నట్టు చెప్పు."

"మేం తినంగా మిగిలింది పంపిస్తాండాం అన్నాడు."

అమ్మ ఒళ్లోని పొట్టు దులిపింది. చేతులు కడుక్కుంది. తమ్ముణ్ణి చంకనేసుకుని, పొట్లం తీసుకుని నడిచింది. మాంసం తిరిగి ఇచ్చేస్తుందని నాకు ఏడుపు వచ్చింది. వెనకే పోయాను.

ఆమె బూబమ్మ వైపు పోలేదు. ముందు నుంచే వచ్చి బండ దగ్గర నిలబడింది. మగవాళ్లు ఇంకా కదల్లేదు, వాదన నడుస్తోంది. ఆమెను చూసి బీడీలు దాచిన వాళ్లున్నారు.

"సాయిబన్నా, దీన్ని రెండు చెయ్యి" అని పొట్లం బండ మీద విప్పింది. "ఎనిమిది ఇండ్లకని కోసింది. నా ఇంటి కోసం కోసింది కాదు. సగం మా బావది."

మామ రెండు చేశాడు. అదీ చూపుతోనే, నాలుగడుగులు వెనక్కి పోయి చూసి మరీ.

"వచ్చే ఆదివారం నుంచి తొమ్మిది వెయ్యి" అంది అమ్మ.

పెద్దనాయన లేచాడు. "ఆడదాని పేరు మీద పోగా? యాడన్నా ఉండాదా ఈ లోకంలో?"

"చేను దున్నిచ్చేటప్పుడు ఆడదాన్నని ఎవరూ అడ్డం రాల్యా బావా."

"అది వేరేమ్మా. ఇది మొగోళ్ల నడుమ కూర్చునే యవ్వారం. పోగంటే పేరు పిలవాల. నీ పేరు పిలుస్తారా ఈడ, ఇంతమందిలో?"

అమ్మ తలెత్తి చూసింది. "పిలిస్తే?"

"పిలిస్తే తీసుకుపో. పిలవకపోతే ఇంకోసారి ఈ మాటెత్తగూడదు." తర్వాత నా వైపు వేలు చూపించాడు. "ఈ పిల్లను మాత్రం నిలబెట్టొద్దు. నా కొడుకు పిలుస్తాడు."

ఆ పందెం ఎంత బరువైనదో ఇప్పటి వాళ్లకు చెప్పాలి. మా ఇళ్లలో ఆడవాళ్ల పేర్లు పెళ్లిలో ఒకసారి వినిపించేవి. ఆ తర్వాత ఫలానా ఇంటి కోడలు, ఫలానా వాడి పెండ్లాం, పాపోళ్లమ్మ. బావగారు తమ్ముడి భార్యను పేరు పెట్టి పిలవడు. ఆమె ముందు పేరెత్తడు కూడా. తొమ్మిది ఇళ్ల మగవాళ్లలో మా అమ్మ పేరు తెలిసినవాడు అక్కడ ఒక్కడైనా ఉన్నాడో లేదో. ఉన్నా చెప్పడు. పెద్దనాయనకు ఇది తెలుసు. అందుకే ఆ షరతు పెట్టాడు.

ఆయన తన సగాన్ని ముట్టుకోకుండా వెళ్లిపోయాడు. మామ కాసేపు దాన్ని చూసి, సన్నగా కోసి, ఉప్పూ పసుపూ రుద్ది తాడు మీద వేశాడు.

అమ్మ ఆరోజు మా సగం వండింది. ఎండు కొబ్బరి, ధనియాలు, గసాలు, రెండు లవంగాలు రోట్లో తనే నూరింది. రాగిసంగటి ముద్ద నడుమ గుంట చేసి అందులో పులుసు పోసి నాకు పెట్టింది. తానూ పెట్టుకుంది. నాన్న పోయాక ఆమె మాంసం తినడం అదే మొదటిసారి. ఎముకను నోటితో చప్పరించి, మూలుగ లాగి, పళ్లెం అంచున పెట్టింది. మొగుడు పోయి రెండు నెలలు కాలేదు, నోరు కట్టుకోలేకపోయిందని తర్వాత కొందరు అన్నారు. ఆమె అంత ఆకలిగా తినడం నేను చూశాను. దాన్ని తప్పనే వాళ్లతో నాకు మాటలేదు.

ఆ వారమంతా తాడు మీద ఆ తునకలు ఎండాయి. దారిన పోయేవాళ్లు, "అవెవరివి సాయిబూ, వేరేగా కట్టినావే?" అని అడిగితే, "ఎవరివో వాళ్లొస్తారు" అనేవాడు.

గురువారం నాడు బూబమ్మ దగ్గర నేను నిప్పులు ఊదుతుంటే, వెనక గోడ పక్క నుంచి మా పెద్దమ్మ, పెద్దనాయన భార్య, వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అవి దింపియ్యి బూబమ్మా. ఆయప్పకు చెప్పగాకండి. వారం నుంచి పప్పే. ఇంట్లో పిల్లోళ్లు నన్ను పీక్కు తింటాండారు."

"మీ ఆయప్ప యాడివని అడిగితే?"

"చింతాకు వేసి వండితే అడగడు. అడిగినా మా పుట్టింటోళ్లు పంపించినారంటా." పోతూ పోతూ నన్ను చూసి ఆగింది. కోప్పడుతుందనుకున్నాను. "మీ అమ్మను ఆదివారం రమ్మను. రాకుండా ఉండొద్దని చెప్పు" అని వెళ్లిపోయింది.

ఆదివారం వచ్చింది. నేను ముందుగా పోయాను. బండ మీద తొమ్మిది పోగులున్నాయి. మామ అమ్మ మాట నిలబెట్టాడు. మామూలుగా వచ్చే వాళ్లే కాక రోడ్డు అవతల రచ్చబండ మీద కూర్చునే వాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. అమ్మ వచ్చింది. ఉతికిన చీర, చంకలో తమ్ముడు, చేతిలో గిన్నె. ఎవరికీ దూరంగా కాదు, వాళ్ల వరుసలోనే నిలబడింది.

పెద్దనాయన కొడుకు రోడ్డు వైపు తిరిగాడు. నాకంటే ఏడాది పెద్ద. వాడి చెవులు ఎర్రగా ఉన్నాయి.

"ఇదెవరికి?"

మొదటి పేరు. రెండో పేరు. వాళ్ల నాన్న పేరు నాలుగోదిగా వచ్చింది. ఎనిమిది అయ్యాయి. ఒక పోగు మిగిలింది. మామూలుగా అయితే చివరిదాన్ని పిలవక్కర్లేదు, మిగిలిన ఇంటికి అదే పోతుంది. ఆరోజు మామ కత్తిని దాని మీద ఆనించాడు.

"ఇదెవరికి?"

వాడు "చిన్నమ్మకు" అన్నాడు.

"చిన్నమ్మ అనేది పేరారా?" అన్నాడు పెద్దనాయన. "ఊర్లో ఎంతమంది చిన్నమ్మలు ల్యారు?"

వాడు మొండికెయ్యలేదు పాపం. వాడి మెడ వెనక చెమట నాకు కనిపిస్తోంది. వాడికి పేరు తెలియదు. రోజూ మా ఇంట్లో అన్నం తినే పిల్లవాడికి మా అమ్మ పేరు తెలియదు. వాడు తల తిప్పి వాళ్ల నాన్న వైపు చూశాడు. తల తిప్పకూడదు, అయినా ఎవరూ అదిలించలేదు. పెద్దనాయన పైన కప్పు వైపు చూశాడు.

మామ అందరి మొహాలూ చూశాడు. "ఎవరన్నా చెప్పండప్పా. పేరు." ఎవరూ చెప్పలేదు. నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది. నేను చెబితే చెల్లదని కూడా తెలుసు.

అమ్మ తమ్ముణ్ణి చంక మార్చుకుంది. తన పేరు తానే చెప్పింది. గట్టు మీద నుంచి కూలోళ్లను కేకేసే గొంతుతో చెప్పింది.

బండ చివర కూర్చున్న ఒక ముసలాయనకు చెవుడు. అరచెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "ఏందమ్మా? నాకు వినపల్యా" అన్నాడు.

అమ్మ ఇంకోసారి చెప్పింది. ఈసారి పేరుకు ముందు ఇంటిపేరు కూడా చేర్చింది.

మామ కత్తి తీసి పక్కన పెట్టాడు. ఆమె పేరు తానూ ఒకసారి అన్నాడు, చివర అమ్మ అని చేర్చి, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే మనిషి ఎంత శ్రద్ధగా ఉంటాడో అంత శ్రద్ధగా. పోగును రెండు చేతులతో ఎత్తి ఆమె గిన్నెలో వేశాడు. పెద్దనాయన తన పొట్లం తీసుకుని వెళ్లాడు. ఓడిపోయినట్టు వెళ్లలేదు, గెలిచినట్టూ వెళ్లలేదు. తర్వాతి ఆదివారం ఆయన కొడుకు ఆ పేరు మిగతా ఎనిమిదింటితో పాటే పిలిచాడు, మూడోదిగానో నాలుగోదిగానో. ఎవరూ తల తిప్పలేదు.

తర్వాత కొన్నేళ్లకు పోగులు పోయాయి. అందరికీ తక్కెడే అయింది. సాయిబు మామా బూబమ్మా పోయారు, ఆ చోట ఇప్పుడు సెల్ ఫోన్లు అమ్ముతారు. గండికోట చూడ్డానికి పోయే కార్లు అక్కడ ఆగి నీళ్ల సీసాలు కొంటాయి. అమ్మ పేరు పట్టాదారు పుస్తకంలో రాశారు, ఓటర్ల పట్టీలో రాశారు, ఆసుపత్రి చీటీల్లో రాశారు. అవన్నీ వేరేవాళ్లు రాసినవి, వాటిల్లో రెండు చోట్ల తప్పు కూడా పడింది. ఇదంతా ఒక గిన్నెడు మాంసం కోసం జరిగిన తగాదా అని కార్యం నాడు ఒక బంధువు నవ్వాడు. ఆయన చెప్పిందీ నిజమే. గిన్నెడు మాంసమే. అంత చిన్నదాన్ని కూడా ఆమెకు ఊరికే ఇవ్వలేదు. ఆమె మొగవాళ్ల వరుసలో నిలబడి, అడిగిన వాడికి వినిపించే దాకా, తన పేరు రెండుసార్లు చెప్పుకోవలసి వచ్చింది. చెప్పింది.